పైన మెరుపు.. కింద ముప్పు
గ్యాస్‌ స్టవ్వు సంరక్షణలో గృహస్థులు తెలుసుకోవలసిన సంగతులు

సికింద్రాబాద్‌: సంక్రాంతి సెలవులకు ఇంటికి తాళం వేసి, కిక్కిరిసిన రైల్లో సొంతూరికి వెళ్లివచ్చిన కుటుంబం తిరిగివచ్చిన ఉదయం మొదట చేసే పని కాఫీకి గ్యాస్‌ స్టవ్వు వెలిగించడమే. అలా వెలిగించినప్పుడు కొన్ని ఇళ్లలో మంట బర్నర్‌ మీద కాక కింద, నాబ్‌ల వైపు ‘భుగ్గు’మని లేస్తుంది. గృహిణి భయపడి వెనక్కు జరుగుతుంది. బండలో ఏదో లోపమున్నదని డీలరుకు ఫోను వెళుతుంది. బండలో లోపమేమీ ఉండదు. ఇల్లు మూసి ఉన్న రోజుల్లో స్టవ్వు కింది గొట్టంలో సాలీడు గూడు కట్టడమో, బొద్దింకలు చేరడమో జరిగి దారి మూసుకుపోవడం ఇందుకు తరచుగా కనిపించే కారణం. బర్నర్‌కు చేరవలసిన గ్యాసు ముందుకు పోలేక, గాలి లోనికి వెళ్లే రంధ్రం నుంచి బయటకు పొర్లి అక్కడే అంటుకుంటుంది.

వారం వారం స్టవ్వు పైభాగాన్ని అద్దంలా తుడిచే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. దానిని ఎత్తి అడుగుభాగం చూసే ఇళ్లు చాలా తక్కువ. వంటింటి ప్రమాదాలు కొన్ని అడుగున కనిపించని చోటనే మొదలవుతాయి. కనుక శుభ్రత అన్నప్పుడు పైనున్న స్టీలు రేకుకంటే ముందుగా గొట్టాన్ని, మిక్సింగ్‌ ట్యూబును, బర్నర్‌ను తలచుకోవలసి ఉన్నది.

లోపల జరిగేది ఇదీ

వంటకు వాడే గ్యాసు ప్రధానంగా ప్రొపేన్‌, బ్యూటేన్‌ల మిశ్రమం. బండలో ఒత్తిడి మీద ద్రవంగా ఉంటుంది. అది ఆవిరిగా మారితే సుమారు 250 రెట్లు వ్యాపిస్తుంది. రెగ్యులేటర్‌ ఈ ఒత్తిడిని సుమారు 30 మిల్లీబార్లకు తగ్గించి రబ్బరు గొట్టంలోకి వదులుతుంది. అక్కడి నుంచి నాబ్‌ను దాటి, ‘జెట్‌’ అని పిలిచే చిన్న ఇత్తడి ముక్కలోని సన్నని రంధ్రం గుండా గ్యాసు వేగంగా చిమ్ముతుంది. ఆ వేగానికి పక్కనున్న సందు నుంచి గాలి లోపలికి లాక్కోబడుతుంది. గాలి, గ్యాసు మిక్సింగ్‌ ట్యూబులో కలసి బర్నర్‌ రంధ్రాల వద్దకు చేరి మండుతాయి.

ఈ కలయిక సరిగా ఉన్నంతకాలం మంట నీలంగా, స్థిరంగా, చప్పుడు లేకుండా వెలుగుతుంది. గాలి తగ్గితే మంట పసుపు రంగుకు తిరుగుతుంది. గిన్నెల అడుగున మసి పట్టడం మొదలవుతుంది. ఆ మసి కాలకుండా మిగిలిపోయిన ఇంధనమే. అనగా డబ్బు పెట్టి కొన్న గ్యాసు గిన్నె అడుగున నల్లగా పేరుకుపోతున్నదన్నమాట. గృహ స్టవ్వులకు వర్తించే భారతీయ ప్రమాణం ఐ.ఎస్‌. 4246 ప్రకారం ఉష్ణ సామర్థ్యం కనీసం 68 శాతం ఉండాలి. నూరు పాళ్ల వేడిలో 68 పాళ్లయినా గిన్నెకు చేరాలని దీని భావం. కొత్త స్టవ్వుకు ఉన్న ఈ గుణం మడ్డి పట్టిన స్టవ్వుకు ఉండదు.

నష్టం డబ్బుతోనే ఆగదు. సరిగా కాలని గ్యాసు నుంచి కార్బన్‌ మోనాక్సైడ్‌ వెలువడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఏ.సి. చల్లదనం పోకూడదని తలుపులు, కిటికీలు బిగించి వంట చేసే అపార్ట్‌మెంట్లలో దీనిని తేలికగా తీసుకోరాదు. వంట చేస్తుండగా తలనొప్పి, తల తిరుగుడు తరచుగా వస్తుంటే స్టవ్వు మంటను కూడా ఒకసారి పరికించి చూడాలి.

అయితే ప్రతి పసుపు మంటా జబ్బు కాదు. పక్కన ఇల్లు ఊడుస్తున్నప్పుడు లేచిన దుమ్ము వల్ల, మంటలో ఉప్పు రేణువులు పడినందువల్ల కొద్దిసేపు నారింజ రంగు చారలు కనిపించి పోతాయి. బండ అయిపోవస్తున్న రోజుల్లోనూ మంట ఎర్రబారుతుంది. తేలికగా ఆవిరయ్యే ప్రొపేన్‌ ముందుగా ఖర్చయిపోయి, బరువైన భాగాలు చివరికి మిగలడమే ఇందుకు కారణం. ఆ రెండు మూడు రోజుల కోసం మెకానిక్‌ను పిలవనక్కర లేదు. మిగిలిన గ్యాసును రాబట్టాలని బండను పడుకోబెట్టడం, తలకిందులు చేయడం, వేడినీళ్ల తొట్టెలో నిలబెట్టడం మాత్రం ఎంతమాత్రం తగదు. పడుకోబెట్టిన బండ నుంచి ఆవిరికి బదులు ద్రవమే గొట్టంలోకి వచ్చే ప్రమాదమున్నది.

పంపు స్టవ్వు నేర్పిన అలవాటు

కిరోసిన్‌ పంపు స్టవ్వుల కాలంలో పెరిగినవారికి ‘పిన్ను’ గుర్తుండే ఉంటుంది. రేకు పిడికి సన్నని తీగ అతికించిన ఈ పిన్నులు ఊళ్లలో కిరాణా కొట్టులోనే దొరికేవి. స్టవ్వు మొరాయించినప్పుడల్లా నాజిల్‌లో పొడిచి మసి తీసేవారు. ఆ స్టవ్వుకు అది తప్పనిసరి సేవ. గ్యాసు వచ్చాక పిన్ను పోయింది గానీ పొడిచే అలవాటు పోలేదు. మంట తగ్గితే చాలు, సూదితోనో, తీగతోనో జెట్‌ను పొడిచే పెద్దలు నేటికీ ఉన్నారు.

గ్యాసు జెట్‌ రంధ్రం నిర్ణీత కొలతకు తొలిచినది. ఇత్తడి మెత్తని లోహం. పిన్నుతో నాలుగుసార్లు పొడిస్తే రంధ్రం వెడల్పవుతుంది. గ్యాసు ఎక్కువగా వస్తుంది, కలిసే గాలి మాత్రం అందుకు తగినట్లు పెరగదు. ఈ విలేకరి ఇంట కొన్నేళ్ల క్రితం ఇదే జరిగింది. వీధిలో కేకవేస్తూ వచ్చిన మరమ్మతుదారు ఒకరు స్టవ్వు విప్పి, జెట్‌లను తొలిచి, ‘ఇప్పుడు చూడండి మంట’ అన్నాడు. మంట నిజంగానే పెద్దదైంది. ఇంటిల్లిపాదీ సంతోషించాము. నలభై రోజులు వచ్చే బండ ముప్పయి రోజులకే అయిపోయినప్పుడు గానీ, కొత్త కుక్కరు అడుగు నల్లబడినప్పుడు గానీ జరిగినది బోధపడలేదు. చివరకు రెండు జెట్‌లనూ మార్చవలసి వచ్చింది. జెట్‌ మూసుకుపోతే దానిని విప్పించి శుభ్రం చేయించడమో, అదే కొలత గల కొత్తది వేయించడమో మేలు. ఆ పని గ్యాస్‌ ఏజెన్సీ మెకానిక్‌ లేదా స్టవ్వు కంపెనీ సేవాకేంద్రం మనిషి చేయవలసినది, ఇంటివారు చేయవలసినది కాదు.

బర్నర్‌ రంధ్రాల సంగతి వేరు. వాటిని పెళుసుగా లేని సన్నని తీగతో, వెడల్పు కాకుండా మెల్లగా శుభ్రం చేసుకోవచ్చు. చీపురు పుల్ల, అగ్గిపుల్ల వాడితే విరిగి లోపలే ఇరుక్కుంటాయి.

కడిగే తీరు

ఆషాఢంలో లష్కర్‌ బోనాలకు ముందు సికింద్రాబాద్‌లో ఇల్లిల్లూ కడుగుతారు. ఆ ఊపులో స్టవ్వు మీద కూడా చెంబులతో నీళ్లు గుమ్మరించేవారున్నారు. నీరు జెట్‌లోకి, నాబ్‌ లోపలి వాల్వులోకి దిగితే ఆ తరువాత రోజుల తరబడి మంట చిటపటలాడుతుంది. స్టవ్వు ఒంటిని తడిగుడ్డతో తుడవాలే గాని కడగరాదు. కడగవలసినవి విడిగా తీయగల భాగాలు మాత్రమే.

ముందుగా రెగ్యులేటర్‌ను ఆపివేయాలి. స్టవ్వు పూర్తిగా చల్లారిన తరువాత గిన్నెల స్టాండ్లు, కింది ట్రేలు, బర్నర్లు తీయాలి. ఏ బర్నర్‌ ఎటువైపుదో గుర్తు పెట్టుకోవాలి. పెద్దదాని స్థానంలో చిన్నది, చిన్నదాని స్థానంలో పెద్దది కూర్చోబెడితే మంట సరిగా రాదు. బర్నర్లను వేడినీటిలో పాత్రలు తోమే సబ్బు కలిపి అరగంట నాననివ్వాలి. తరువాత పాత పళ్ల బ్రష్షుతో రుద్దాలి. ఇత్తడి బర్నర్‌ నల్లబడి ఉంటే చింతపండు గుజ్జు చాలు, దేవుడి దీపపు కుందులకు చేసినట్లే. అల్యూమినియం మిశ్రమంతో చేసిన బర్నర్లకు చాకలిసోడా తగదు. సోడా ఆ లోహాన్ని తినివేసి గరుకుగా, నల్లగా చేస్తుంది.

మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌లో బర్నర్‌ను ముంచి తళతళలాడించే పద్ధతి కొందరిలో ఉన్నది. యాసిడ్‌ మడ్డితోపాటు లోహాన్నీ కరిగిస్తుంది. రంధ్రాల అంచులు అరిగిపోతాయి. బ్లీచింగ్‌ పౌడరుతో నిమ్మరసం, వెనిగర్‌, యాసిడ్‌ వంటి పులుపు పదార్థాలు కలిపితే విషవాయువైన క్లోరిన్‌ వెలువడుతుంది. ఇరుకైన వంటింట్లో అది ప్రాణాంతకం కాగలదు.

కడిగిన బర్నర్లను బోర్లించి, వీలైతే ఎండలో, పూర్తిగా ఆరనివ్వాలి. తొందరపడి తడిగా బిగిస్తే కొంతసేపు మంట అంటుకోదు, అంటుకున్నా ఒకవైపే వెలుగుతుంది. ఈలోగా సీసాలు కడిగే సన్నని బ్రష్షును మిక్సింగ్‌ ట్యూబులోకి పోనిచ్చి తిప్పితే లోపలి గూళ్లు, నూనె జిడ్డు వస్తాయి. సెలవులకు ఊరికి వెళ్లివచ్చినవారు స్టవ్వు వెలిగించక ముందే ఈ ఒక్క పని చేయడం మంచిది.

పాలు, గంజి, పప్పు పొంగినప్పుడు వెంటనే మంట ఆపి, స్టవ్వు గోరువెచ్చగా అయ్యాక తుడిచేస్తే పని సులభం. మరునాటికి వదిలితే ఎండి రాయిలా మారుతుంది. ఉప్పు, పులుపు కలిసిన చారు పొంగి అలాగే మిగిలితే స్టీలుకు కూడా మచ్చలు పడతాయి. స్టీలు రేకును ఇనుప పీచుతో తోమితే గీతలు పడి, ఆ గీతల్లోనే జిడ్డు చేరుతుంది. మెత్తని గుడ్డ, సబ్బు నీరు చాలు.

గాజు పలక స్టవ్వులు వాడేవారికి అదనంగా జాగ్రత్త కావాలి. గట్టిపరచిన గాజు అయినప్పటికీ వేడిగా ఉన్నప్పుడు చన్నీళ్లు పడితే పగిలిపోవచ్చు. అంచులో చిన్న పెచ్చు లేచినా ఆ పలకను నమ్మరాదు. బోనానికో, వ్రతానికో పది పదిహేను మందికి వంట చేయడానికి పెద్ద గుండిగను దాని మీద గంటల తరబడి ఉంచితే వేడి కిందికి కొట్టి గాజు పెట్లిపోయిన సందర్భాలున్నాయి. అటువంటి వంటకు విడిగా నేల పొయ్యి తెచ్చుకోవడం ఉత్తమం.

నాబ్‌ బిగుసుకుపోతే కొబ్బరినూనె వేసే అలవాటు ఒకటి. నూనె వేడికి జిగురై మరింత బిగుస్తుంది. లోపలి వాల్వుకు వేడికి తట్టుకునే గ్రీజు పెట్టించాలి. నాబ్‌ను నొక్కకుండానే తిరిగిపోతున్నా, తిప్పేటప్పుడు గ్యాసు వాసన వస్తున్నా మెకానిక్‌ చూసేదాకా ఆ స్టవ్వును వాడరాదు.

గొట్టానికీ ఆయుష్షు ఉంది

ఒకప్పుడు ఆకుపచ్చని మామూలు రబ్బరు గొట్టాలు వాడేవారు. ప్రస్తుతం లోపల సన్నని ఉక్కు తీగల అల్లికతో, నారింజ రంగులో వచ్చే సురక్షా గొట్టాలు వాడుకలో ఉన్నాయి. ఐ.ఎస్‌. 9573 ముద్ర ఉన్నదీ లేనిదీ చూసి కొనాలి. దీనికి ఐదేళ్లు గడువు. తేదీ గొట్టం మీదనే అచ్చు వేసి ఉంటుంది. వంటింట్లో మరే వస్తువుకూ గడువు చూడని ఇల్లాలు కూడా పచ్చడి సీసా మీద తేదీ చూస్తుంది. గొట్టం మీద తేదీని మాత్రం ఎవరూ చూడరు.

గొట్టం ఒకటిన్నర మీటరుకు మించకూడదు. స్టవ్వు అడుగున వేడికి తగిలేలా పోనివ్వరాదు. మలుపులు, ముడులు ఉండరాదు. అందంగా ఉండాలని గుడ్డ చుట్టడం, గోడలో పూడ్చడం తప్పు. పగుళ్లు వచ్చినా, ఎలుక కొరికినా కంటికి కనిపించాలి గదా. బిగుతుగా ఉన్నదని గొట్టం చివరను అగ్గిపుల్లతో కాల్చి మెత్తబరచి ఎక్కించే పద్ధతి కొందరిలో కనిపిస్తుంది. కాలిన చోటనే కొన్నాళ్లకు చీలిక వస్తుంది. నెలకొకసారి గొట్టాన్ని వంచి చూసి, తడిగుడ్డతో జిడ్డు తుడిచి, రెండు చివరల వద్ద, రెగ్యులేటర్‌ చుట్టూ సబ్బు నురగ రాయాలి. బుడగలు లేస్తే గ్యాసు కారుతున్నట్లు లెక్క. అగ్గిపుల్ల వెలిగించి లీకును వెతకడం ప్రాణాలతో చెలగాటం.

ఎల్‌.పి.జి. గాలికంటే బరువైనది. కారినప్పుడు పైకి పోదు, నేల మీద పరుచుకుని మూలల్లో, గూళ్లలో నిలుస్తుంది. గాలిలో దీని పాలు రెండు శాతానికి అటూఇటుగా చేరినా చిన్న నిప్పురవ్వకు అంటుకుంటుంది. అందుకనే బండను మూసిన గూటిలో పెట్టరాదని, స్టవ్వు ఎప్పుడూ బండకంటే ఎత్తులో ఉండాలని చెబుతారు. గ్యాసుకు సహజంగా వాసన లేదు. కారినది తెలియడానికే మెర్కాప్టన్‌ అనే దుర్వాసన పదార్థాన్ని కలుపుతారు.

ఆ వాసన వచ్చినప్పుడు తలుపులు, కిటికీలు తెరవాలి. రెగ్యులేటర్‌ ఆపి, వీలైతే తీసి, బండకు దారంతో కట్టి ఉండే తెల్లని మూతను బిగించాలి. దేవుడి దగ్గర దీపం, అగరువత్తి ఆర్పాలి. కరెంటు స్విచ్‌ వేయరాదు, ఉన్నదాన్ని తీయనూ రాదు. ఫ్రిజ్‌ ప్లగ్గు పీకడం కూడా అంతే ప్రమాదం, నిప్పురవ్వ అక్కడే పుడుతుంది. ఇంట్లోవారందరూ బయటకు వచ్చిన తరువాతనే ఫోను చేయాలి. గ్యాసు లీకుల ఫిర్యాదులకు 1906 నంబరు రేయింబవళ్లు పనిచేస్తుంది.

పైపు గ్యాసుకు మారినప్పుడు

గెయిల్‌, హిందుస్థాన్‌ పెట్రోలియం సంస్థలు కలసి 2003లో నెలకొల్పిన భాగ్యనగర్‌ గ్యాస్‌ సంస్థ హైదరాబాద్‌లోని కొన్ని ప్రాంతాల ఇళ్లకు పైపుల ద్వారా సహజవాయువు అందిస్తున్నది. రైల్వే, సైన్యం, బ్యాంకులలో బదిలీ ఉద్యోగులు ఎక్కువగా ఉండే సికింద్రాబాద్‌ వాసులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. సహజవాయువులో ప్రధానమైనది మీథేన్‌. ఒకే పరిమాణంలో చూస్తే దీనికి ఎల్‌.పి.జి. కంటే వేడి తక్కువ, ఒత్తిడీ తక్కువ. అందుచేత దీనికి పెద్ద రంధ్రమున్న జెట్‌ వేస్తారు. పైపు గ్యాసుకు మార్చిన స్టవ్వును మరో ఊరికి తీసుకువెళ్లి బండకు తగిలిస్తే మంట అదుపు తప్పి పైకి లేస్తుంది. మళ్లీ పాత కొలత జెట్‌లు వేయించనిదే వెలిగించరాదు. సహజవాయువు గాలికంటే తేలిక గనుక కారినప్పుడు పైకప్పు వైపు చేరుతుందన్నదీ గుర్తుంచుకోవాలి.

తలుపు తట్టే ‘తనిఖీదారులు’

గ్యాస్‌ ఏజెన్సీ నుంచి వచ్చామని చెప్పి మధ్యాహ్నం వేళ, మగవారు ఇంట లేనప్పుడు, స్టవ్వు తనిఖీ పేరిట గొట్టం మార్చి డబ్బు వసూలు చేసుకుపోయే వ్యక్తుల గురించి కాలనీల్లో ఫిర్యాదులు తరచుగా వినిపిస్తుంటాయి. వేసిన గొట్టం మీద ప్రమాణ ముద్ర ఉండదు, చేతికి రసీదు రాదు. నిజమైన తనిఖీ కూడా ఉన్నదన్నది చాలామందికి తెలియని సంగతి. చమురు సంస్థల నిబంధనల ప్రకారం ఐదేళ్లకు ఒకసారి డీలరు తరఫు మెకానిక్‌ వచ్చి స్టవ్వు, గొట్టం, రెగ్యులేటర్‌ పరీక్షించి, నిర్ణీత రుసుముకు రసీదు ఇవ్వాలి. వచ్చినవారి గుర్తింపు కార్డు చూడాలి. గ్యాసు పుస్తకం మీద ఉన్న ఏజెన్సీ నంబరుకు ఫోను చేసి, మనిషిని పంపినదీ లేనిదీ అడగాలి. వచ్చిన వ్యక్తి చెప్పిన నంబరుకు కాదు. అంతవరకు తలుపు బయటే నిలబెట్టినా మర్యాదకు లోపమేమీ రాదు.

విడిభాగాల కోసం మోండా మార్కెట్‌ పరిసరాల్లోని సామాన్ల దుకాణాలకు వెళ్లేవారు పాత బర్నర్‌ను వెంట తీసుకువెళ్లడం మంచిది. చూపుకు ఒకటిగానే కనిపించే బర్నర్లు అడుగు కొలతలో తేడాగా ఉంటాయి. వదులుగా కూర్చున్న బర్నర్‌ కింది సందు నుంచి మంట వస్తుంది. గొట్టం, రెగ్యులేటర్‌ మాత్రం డీలరు వద్దనే తీసుకోవాలి. కొత్త గొట్టం తగిలించిన రోజునే పాతదాన్ని రెండు మూడు ముక్కలుగా కోసి పారవేయాలి. ‘బాగానే ఉంది గదా’ అని అటక మీద పెట్టిన పాత గొట్టం ఏదో ఒకరోజు పనిమనిషి ఇంటికో, అద్దెకు దిగిన విద్యార్థుల గదికో చేరి, మళ్లీ స్టవ్వుకే తగులుతుంది.